వత్తి రంధ్రం లేని ఫిరంగి

రాత్రి పన్నెండున్నర. పడుకున్నా నిద్ర పట్టలేదు, లేచి కూర్చున్నాను. కారణం చెబితే ఆయన "ఇంత చిన్నదానికా?" అంటారు. నిజంగానే చిన్నది. ఒక మిల్లీమీటరు కూడా లేదు.

సాయంత్రం ఆయన స్నేహితుడొకరు వచ్చారు. మాటల్లో నేను ఇంట్లో చేసే చిన్న నమూనా ఫిరంగుల సంగతి వచ్చిందట, చూస్తానంటే పెరట్లో షెడ్డుకి తీసుకొచ్చారు. నేనప్పుడు రెండో చక్రం ఆకులు ఆకురాయితో రాస్తున్నాను. ఫిరంగి గొట్టం బండి మీద ఊరికే ఆనించి ఉంది, పైన బిగించే పట్టీలు ఇంకా వేయలేదు. అడగాలి కదా? అడగలేదు. మూతి దగ్గర పట్టుకుని ఒక్క లాగు లాగి పైకెత్తేశారు.

"పేలుతుందా?" అన్నది మొదటి మాట.

పేలదండి, చూసుకోవడానికే అన్నాను. తిప్పితిప్పి చూశారు. వెనకవైపు బొటనవేలితో తడిమి, "మరి వత్తి పెట్టే కన్నమేదండీ?" అన్నారు. లోపలి మందుగుండుకి నిప్పంటించే రంధ్రం అది. పెట్టలేదన్నాను. "ఓస్, అయితే బొమ్మే!" అని నవ్వి, దాన్ని తీసుకెళ్ళి వైస్ (బల్లకి బిగించిన ఇనుప పట్టుడు) మీద పెట్టారు. టక్ మని చప్పుడైంది. మూతి అంచు మీద సొట్ట పడింది. సన్నగా, నెలవంకలా. ఆయన చూడలేదు, మా ఆయనా చూడలేదు. నేను చూశాను.

అప్పట్నుంచీ ఒంట్లో మంట. వాళ్ళు వెళ్ళాక ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చిన్నోడు లెక్కల పుస్తకం తెచ్చినా విసుక్కున్నాను. వాడి తప్పేముంది పాపం.

"పేలుతుందా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో! అగ్గిపుల్లలతో మేడ కట్టినవాణ్ణి అందులో కాపురం ఉంటావా అని ఎవరూ అడగరు. ఫిరంగి చేస్తే మాత్రం పేలాల్సిందే. పేలకపోతే బొమ్మ! ఆ గొట్టం వెనక నాలుగు నెలల పని ఉంది. 1857 మోడల్ పన్నెండు పౌన్ల గుండు వేసే నెపోలియన్ ఫిరంగికి ఆరో వంతు కొలత. (అందరూ అనుకునే నెపోలియన్ కాదు. ఆయన తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్ పేరు మీద వచ్చింది.) అసలుదాని లోపలి రంధ్రం 4.62 అంగుళాలు, నాది పందొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. అసలుది కంచు, నూటికి 90 పాళ్ళు రాగి, 10 తగరం. నాది ఇత్తడి, ఇంట్లో లేత్ మీద చక్కగా తెగుతుంది కాబట్టి. అసలు గొట్టం 550 కిలోల పైమాట, నాది రెండున్నర కిలోలకి కాస్త ఎక్కువ. ఆరో వంతుకి కుదిస్తే బరువు 216వ వంతుకి పడిపోతుందని చిన్నోడికి లెక్కేసి చూపిస్తే ఎంత ఆశ్చర్యపోయాడో!

ఒక్క లోపలి రంధ్రానికే మూడు సాయంత్రాలు పట్టింది. చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, ఒక్కో సైజూ పెంచుకుంటూ, నాలుగైదు మిల్లీమీటర్లు దిగగానే బయటికి లాగి పొట్టు దులిపి, మళ్ళీ దింపాలి. కాస్త తొందరపడినా ఇత్తడి చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. 1798లో రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఈ వేడి గురించే రాశాడు. మ్యూనిక్‌లో ఫిరంగిని తొలిచేటప్పుడు చుట్టూ నీళ్ళు పెడితే, నిప్పన్నది లేకుండా రెండున్నర గంటల్లో ఆ నీళ్ళు మరిగాయి. వేడి అనేది లోహంలో దాగి ఉన్న పదార్థం కాదు, కదలికలోంచి పుడుతుంది అని ఆయన వాదించింది దీన్ని చూశాకే. నా షెడ్డులో ఆ పొట్టు వేళ్ళకి తగిలి చురుక్కుమన్నప్పుడల్లా నాకు ఆ మరిగిన నీళ్ళు గుర్తొస్తాయి. ఇవన్నీ వచ్చినాయనకి చెప్పాలని ఎంత ఆశపడ్డానో. ఆయన అడిగింది ఒక్కటే కదా.

కన్నం ఎందుకు పెట్టలేదంటే, ఇక్కడ చాలాసార్లు రాసినదే. ఆ రంధ్రం లోపలిదాకా వెళ్ళిందంటే అది ఆయుధమే. ఇత్తడి కడ్డీ లోపల ఎక్కడ గాలి బుడగ ఉందో కంటికి కనబడదు. స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్‌కి ఫిరంగులంటే ప్రాణం. 1460లో రాక్స్‌బర్గ్ ముట్టడిలో సొంత ఫిరంగి పక్కనే నిలబడి ఉండగా అది పగిలి చనిపోయాడు. దానికి మూడేళ్ళ ముందే ఆయనకి కానుకగా వచ్చిన మాన్స్ మెగ్ అనే పెద్ద ఫిరంగి కూడా 1681లో, అదీ ఒక పుట్టినరోజు వందనానికి పేలుస్తుంటే, గొట్టం పగిలింది. రాజుల కోసం పేరున్న పనివాళ్ళు చేసినవే అలా పగిలాయి. పిల్లలు తిరిగే పెరట్లో నేనెందుకు తలకెత్తుకుంటాను ఆ ప్రమాదాన్ని?

ఇది ఇంతవరకూ రాసేసరికి నాన్న గుర్తొచ్చారు.

నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు ఒక పాత కోట చూడ్డానికి వెళ్ళాం. బురుజు మీద ఫిరంగి. ఎండకి కాలిపోతున్న ఇనుము. నేను మూతిలో భుజందాకా చెయ్యి దూర్చేశాను. లోపల చల్లగా ఉంది, ఎండుటాకులు తగిలాయి. అమ్మ పాములుంటాయని అరిచింది. నాన్న మాత్రం నన్ను చంకలకింద పట్టుకుని ఎత్తి, వెనకవైపుకి తీసుకెళ్ళి, "ఇక్కడ చూడు" అన్నారు. చిన్న గుంట. అందులో తుప్పుపట్టిన ఇనుప ముక్క, గొట్టంతో సమానంగా విరిగి ఉంది. గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది.

"మేకు. ఫిరంగి శత్రువు చేతికి చిక్కుతుందని తెలిస్తే వత్తి రంధ్రంలో మేకు దిగ్గొట్టి వెళ్ళిపోయేవారు. అంత పెద్దదీ ఈ వేలెడు మేకుతో చచ్చిపోతుంది" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. దాన్ని ఎవరో చంపేశారు అని అనిపించింది. తీసెయ్యి నాన్నా అని ఒకటే గొడవ. నాన్న నవ్వలేదు. లేత్ మీద బతికిన మనిషి ఆయన, నా మాటని పనిమాటలాగే తీసుకున్నారు. చుట్టూ రెండుసార్లు తిరిగి, మేకు మీద వేలు పెట్టి కదిపి చూసి, "లోపల మెలితిరిగి ఉంటుంది, లాగితే రాదమ్మా. డ్రిల్లు వేసి తొలిచెయ్యాలి, లేకపోతే పక్కన కొత్త రంధ్రం వెయ్యాలి" అన్నారు. దిగేటప్పుడు మెట్ల మీద కూడా ఎంత సైజు డ్రిల్లు కావాలో చెబుతూనే ఉన్నారు. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ బురుజు ఎలా ఉండేదో సరిగ్గా గుర్తులేదు, ఆ ఎర్రపొడి మాత్రం గోట్లో ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు పైనుంచి మళ్ళీ చదువుకుంటుంటే ఒక మాట మింగుడు పడటం లేదు. ఇన్నేళ్ళలో షెడ్డులోకి ఎంతమంది వచ్చారు! అందరూ చక్రాలు చూశారు, పద్నాలుగు ఆకులు, ఏడు పూటీలు (చక్రం అంచు ముక్కలు) లెక్కపెట్టారు, మెరుగు చూసి మెచ్చుకున్నారు. వత్తి రంధ్రం లేదని కనిపెట్టింది ఈయనొక్కరే. నాన్న చూపించిన చోటే వేలు పెట్టి అడిగారు. అది తెలివైన ప్రశ్నే. నవ్వడమే నచ్చలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. లోపలిదాకా వెయ్యకపోవడానికి ప్రమాదం కారణం, నిజమే. పైపైన రెండు మిల్లీమీటర్ల గుంట వేస్తే ప్రమాదమేముంది? అయినా ఎందుకు వెయ్యలేదు? భయం. అసలు ఫిరంగికి ఆ రంధ్రం 0.2 అంగుళాలు. ఆరో వంతుకి 0.85 మిల్లీమీటర్లు. మొదటి ఫిరంగికి అంతే సన్నటి డ్రిల్లు వేయబోతే విరిగి అందులోనే ఇరుక్కుపోయింది. ఎంత తంటాలు పడ్డా రాలేదు. ఇత్తడిలో నల్లటి చుక్కలా మిగిలిపోయింది, అచ్చం ఆ మేకులా. దాన్ని అటక మీద పెట్టేశాను, మళ్ళీ దించలేదు. ఆ తర్వాత చేసిన మూడింటికీ జాగ్రత్త పేరు చెప్పి ఆ చోటు వదిలేస్తూ వచ్చాను. ఈ మాట ఇదే మొదటిసారి రాయడం.

రాస్తుండగానే తట్టింది. పాత ఫిరంగులకి వత్తి రంధ్రం చుట్టూ రాగి ముక్క బిగించేవారు. కాలిస్తే ఆ రంధ్రం అరిగి పెద్దదవుతుంది, అరిగినప్పుడు రాగి ముక్క ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది. నేనూ అలాగే చెయ్యొచ్చు కదా? గొట్టం మీద నాలుగు మిల్లీమీటర్ల గుంట, ఐదు మిల్లీమీటర్ల లోతు చాలు. అక్కడ గోడ పదమూడు ఉంది, లోపలికి ఇంకా ఎనిమిది మిగులుతుంది. ఆ లావు డ్రిల్లు విరగదు. సన్నటి రంధ్రాన్ని విడిగా రాగి ముక్కలో వేసుకోవచ్చు. విరిగితే ఆ ముక్కే పోతుంది, ఇంకోటి కోసుకుంటాను. అయ్యాక గుంటలోకి బిగుతుగా దించి పైన ఆకురాయి పట్టడమే. ఎర్రటి చుక్క, మధ్యలో సూది మొనంత నలుపు.

ఇప్పుడే షెడ్డుకి వెళ్ళి లైటు వేసి వచ్చాను. లోపలి రంధ్రం ఆగే చోటుకి సరిగ్గా పైన వెర్నియర్‌తో కొలిచి పెన్సిల్ గీత పెట్టాను. డ్రిల్లు పెట్టేచోట గుర్తు కొట్టే నాన్న సెంటర్ పంచ్ కూడా తీశాను, అందరూ పడుకున్నారని దెబ్బ మాత్రం వేయలేదు. మూతి మీద సొట్ట లైటు వెలుగులో ఇంకా పెద్దగా కనిపించింది. దాన్ని రాసేస్తే మూతి వంపు చెడుతుంది, వదిలేస్తే రోజూ కంటికి తగులుతుంది. దాని విషయంలో మాత్రం ఆ వచ్చినాయన మీద కోపం ఇంకా తగ్గలేదు.