చిటికెన వేలితో ఎత్తి కొన్న ట్రైపాడ్

నిన్న రాత్రే ఆరిజోనా కొండల్లో జింకల వేట ముగించుకుని ఇంటికొచ్చాను. మోకాళ్లు సలుపుతున్నాయి. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

వేట లైసెన్సు, అనుమతుల కోసం తీసే లాటరీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. జూన్‌లో అప్లై చేశాను, నవంబరు వేటకి ట్యాగ్, అంటే ఒక జింకని కొట్టడానికి అనుమతి చీటీ, తగిలింది. వీసా మీద ఉన్నవాళ్లకి ఒక్క మాట: చెల్లే హంటింగ్ లైసెన్సు లేకుండా తుపాకీ ముట్టుకోకండి, ఫెడరల్ చట్టం ఊరుకోదు. అమ్మకి ఫోన్లో చెబితే, "అక్కడ కందిపప్పు దొరకట్లేదా నాన్నా?" అంది.

నా పరువు పోయింది మాత్రం ట్రైపాడ్ దగ్గర.

దక్షిణ ఆరిజోనాలో కూస్ డీర్ అనే చిన్న తెల్లతోక జింకల వేటంటే తిరిగేది తక్కువ. ఒక కొండ మీద కూర్చుని, ఎదురు కొండని గంటలకొద్దీ బైనాక్యులర్స్‌తో గాలించడమే. మగది కూడా 100 పౌండ్ల చుట్టూనే ఉంటుంది. ఆ బూడిద రంగు ఎండుగడ్డిలో ఇట్టే కలిసిపోతుంది. పదిహేను రెట్లు పెద్దగా చూపే 15x56 బైనాక్యులర్స్‌ని చేత్తో పట్టుకుంటే మన గుండె కొట్టుకోవడమే అందులో కనిపిస్తుంది. స్టాండు తప్పదు. ఇంట్లో ఉన్నది పాత అల్యూమినియం స్టాండు, 6 పౌండ్లు.

షాపులో కుర్రాడు నన్ను చూడగానే "ఫొటోగ్రఫీకా సర్?" అన్నాడు. వేటకి అన్నాను. నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది. అన్నిటికన్నా తేలికైనది తీశాడు: కార్బన్ ఫైబర్, ఐదు మడతల కాళ్లు, మధ్యలో పైకి లేచే రాడ్డు, పైన గుండు మీద ఎటైనా వాలే బాల్ హెడ్. 2 పౌండ్లు. చిటికెన వేలితో ఎత్తి చూపించాడు. నేనూ ఎత్తి మురిసిపోయాను. నిజానికి చేయాల్సింది అది కాదు. కాళ్లన్నీ చాపి నిలబెట్టి, పైన వేలితో కొట్టి, వణుకు ఎంతసేపటికి ఆగుతుందో చూడాలి. ఐదో మడత పెన్సిలంత సన్నం, అదెలా ఆగుతుంది?

బైనాక్యులర్స్ ముందు కీలు మీద గుండ్రటి బిళ్ల ఉంటుంది. కంపెనీ బొమ్మ కాబోలు అనుకున్నాను. దాన్ని విప్పితే లోపల స్టాండుకి బిగించే మర ఉందని రెండు రోజులకి తెలిసింది.

అక్టోబరులో మా ఆఫీసు పెద్దాయన శాంటా రీటా కొండలకి తీసుకెళ్లాడు. పుట్టింది టూసాన్‌లోనే, చిన్నప్పటి నుంచీ వేటగాడు. గాలికి నా స్టాండు తీగలా ఊగింది. బాల్ హెడ్ కాస్త వదులు చేస్తే చాలు, బైనాక్యులర్స్ తల వాల్చేసేవి. అంతలో ఆయనకి మగజింక కనిపించింది, నెమ్మదిగా ఎడమకి తిప్పమన్నాడు. తిప్పాను. బైనాక్యులర్స్, వాటిని హెడ్‌కి తగిలించే ప్లేటుతో సహా జారి, రాయి మీద పడి, ఠంగుఠంగుమంటూ దొర్లాయి. అవతల తెల్ల తోక లేచింది. రెండు గెంతులు, మాయం. ప్లేటు మీదా, దాన్ని పట్టుకునే క్లాంపు మీదా "ఆర్కా" అనే ఒకే నమూనా పేరు ఉంది, కంపెనీలు మాత్రం వేరు. కొలతలో వెంట్రుకవాసి తేడా. లివరు టక్కుమని పడుతుంది, ప్లేటుని మాత్రం పట్టదు.

ఆయన ఒక్క మాట అనలేదు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. తిట్టినా బాగుండేది.

వాపసు ఇవ్వబోతే ఆ కుర్రాడే "వాడిన వస్తువు సర్" అన్నాడు. ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు.

రెండోది ఆన్‌లైన్లో నేనే చూసుకుని కొన్నాను. మధ్య రాడ్డు లేదు, మూడు మడతల లావు కాళ్లు, పిడి పట్టుకుని పక్కలకీ, పైకీ కిందకీ తిప్పే పాన్ హెడ్, మర తిప్పి బిగించే క్లాంపు. మొత్తం మూడున్నర పౌండ్లు. కూర్చుని చూసే పనికి ఎత్తు అక్కర్లేదు, ఆ డబ్బు హెడ్ మీద పెట్టండి. గాలి వీస్తే స్టాండు కింది కొక్కేనికి బ్యాగు తగిలించండి, బ్యాగు అడుగు నేలకి ఆనేలా. గాల్లో వేలాడితే అదే ఊగి స్టాండుని ఊపుతుంది. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను.

ఈసారి మూడో రోజు సాయంత్రం ఒకొటిల్లో పొద పక్కన ఒక చెవి కదిలింది. ముందు చూసింది నేనే. 700 గజాలు, అంత దూరం కాల్చడం నాకు చేతకాదు, ట్యాగ్ జేబులోనే ఉండిపోయింది. "ఎక్కడ?" అన్నాడు పెద్దాయన. లేచి నా చోట కూర్చోబెట్టాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, దేన్నీ తాకకుండా, మెడ మాత్రం చాపి చూశాడు.