ఆదివారమంతా ఆ శబ్దం వెనకే

కొన్నాళ్లుగా కారు వెనక భాగంలో ఏదో కొట్టుకుంటోంది. గుంతలో పడ్డప్పుడల్లా ‘డక్’ మంటోంది. మొదట్లో ఎప్పుడో గాని వినపడేది కాదు, ఇప్పుడు పాటలు పెట్టుకున్నా తెలిసిపోతోంది. మొన్న వెనక సీట్లో కూర్చున్న అమ్మ, “ఏమిట్రా అది, చక్రం గాని ఊడిపోదు కదా?” అంది. అప్పటినుంచీ నాకూ టెన్షనే. ఇవాళ ఇంకే పనీ పెట్టుకోలేదు.

అమ్మ అన్నదే ముందు చూశాను. వీల్ స్పానర్ తీసుకుని నాలుగు చక్రాల నట్లూ పట్టి చూశాను, అన్నీ గట్టిగానే ఉన్నాయి. నట్లు వదులైతే ఇక మిగతా పరీక్షలెందుకు, ముందు అవి బిగించాకే బండి కదపాలి. తర్వాత డిక్కీ ఖాళీ చేశాను. జాకీ, పనిముట్ల సంచీ, స్టెప్నీ అన్నీ బయటపెట్టి, వెనక సీటు గొళ్ళెం, డిక్కీ తలుపు రబ్బర్లు కదిపి చూసి, అలాగే ఒక చుట్టు తిరిగి వచ్చాం. శబ్దం అలాగే ఉంది. అంటే గొడవ కింద ఉందన్నమాట.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. వెనక శబ్దం అనగానే షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు. డబ్బూ పోతుంది, శబ్దమూ ఉంటుంది. నాకైతే అలా పార్టులు మార్చుకుంటూ పోవడం అస్సలు నచ్చదు. శబ్దం ఎక్కడ అన్నది చెవికి సరిగ్గా అందదు. బాడీ అంతా ఇనుప రేకే కాబట్టి ఎడమ పక్క కొట్టుకున్నది కుడి పక్క వినపడొచ్చు. ఎప్పుడు వస్తోందన్నది మాత్రం పట్టుకోవచ్చు. అందుకే స్టీరింగ్ తమ్ముడికిచ్చి, నేను వెనక సీట్లో నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను.

నిలబడ్డ బండిని ముందుకీ రివర్సుకీ మార్చి చూశాం, ఏమీ లేదు. మాది ముందు చక్రాలకు పవర్ వెళ్లే బండి. వెనక చక్రాలకు వెళ్లేదైతే ఈ పరీక్షలో ప్రొపెల్లర్ షాఫ్ట్ (పవర్‌ని వెనక్కి చేర్చే కడ్డీ) జాయింటులోనో, డిఫరెన్షియల్ (దాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) లోనో వదులుంటే బయటపడేది. గట్టిగా బ్రేకు వేసి వదిలి చూశాం, అప్పుడూ లేదు. ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే ఆర్మ్‌ల చివర ఉండే రబ్బరు ముక్కలు) బాగా పోతే సాధారణంగా అక్కడే చప్పుడు వినపడుతుంది. తర్వాత స్పీడ్ బ్రేకర్ మీద నిటారుగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా పోనిచ్చాం. నిశ్శబ్దం. అదే వేగంలో ఎడమ చక్రాన్ని మాత్రమే గుంతలోకి దించగానే ‘డక్’. బ్రేకు కొంచెం నొక్కి పట్టి అదే గుంతలోకి దించినా ‘డక్’. బ్రేకు ప్యాడ్లు ఆడుతుంటే నొక్కి పట్టినప్పుడు ఆగిపోవాలి. ఆగలేదు కాబట్టి వాటినీ పక్కన పెట్టేశాను.

రెండూ లేస్తే రాకుండా, ఒక్కటే లేస్తే వస్తోందంటే నా అనుమానం స్టెబిలైజర్ బార్ మీదే. రెండు వెనక చక్రాలనీ అడ్డంగా కలిపే కడ్డీ అది. దాని చివరలను చక్రాల వైపు కలిపే చిన్న కడ్డీలే లింకులు. రెండు చక్రాలూ కలిసి లేస్తే కడ్డీ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, లింకుల మీద పెద్దగా బరువు పడదు. ఒక్క చక్రం లేచినప్పుడు కడ్డీ మెలితిరుగుతుంది, ఆ బలమంతా దాని చివరల్లో ఉన్న లింకుల గుండానే పోతుంది. లింకు జాయింటు అరిగి ఉంటే, వదులైన తలుపు గొళ్ళెంలా ఆ కొద్దిపాటి సందులోనే కొట్టుకుంటుంది.

మధ్యాహ్నం చదునుగా ఉన్న చోట బండి పెట్టి, ముందు చక్రాలకు అడ్డాలు వేసి, వెనక భాగం లేపి రెండు పక్కలా స్టాండ్లు పెట్టాను. ఉత్తి జాకీని నమ్మి బండి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటమే, ఎంత చిన్న పనైనా సరే. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి కూడా. ఒక్కటే లేపితే కడ్డీ మెలిపడి లింకును బిగపట్టేస్తుంది, ఆట (జాయింటులోని వదులు) తెలియదు.

టార్చ్ వేసి చూస్తే ఎడమ లింకు పై జాయింటు రబ్బరు తొడుగు చుట్టూ చిరిగి ఉంది. లోపలి గ్రీజు దుమ్ముతో కలిసి నల్లగా గట్టిపడి, అంచుల్లో పెచ్చులు కట్టింది. లింకును పిడికిట పట్టి పైకీ కిందికీ ఊపితే వేళ్లకు ‘టిక్, టిక్’ అని తగిలింది. కంటికి ఆట కనపడలేదు గాని చేతికి మాత్రం స్పష్టంగా తెలిసింది. కుడి పక్క లింకు బిగుతుగానే ఉంది. ఎలాగూ కింద ఉన్నాను కదా అని షాక్ అబ్జార్బర్లూ చూశాను, నూనె కారిన జాడ లేదు. స్ప్రింగ్ కింది చుట్టు చివర విరిగిందేమోనని వేలితో తడిమాను. సైలెన్సర్ రబ్బర్లూ బాగానే ఉన్నాయి.

అయినా తేల్చుకోవాలనిపించింది. రెండు లింకులూ విప్పేసి, కడ్డీ దేనికీ తగలకుండా కట్టి, చాలా నెమ్మదిగా మళ్లీ అదే గుంతలోకి పోనిచ్చాం. “అన్నయ్యా, పోయింది!” అని తమ్ముడు ఒకటే కేక. ఇంకోసారి పోనిచ్చాం, ఏమీ లేదు. మలుపులో బండి మామూలుకన్నా ఎక్కువ ఒరిగింది, కడ్డీ పని లేకపోతే ఒరగాల్సిందే. ఎప్పటినుంచో నలుగుతున్న సమస్యకు సరైన కారణం దొరికితే ఎంత హాయో!

పాతవే మళ్లీ బిగించాను. కొత్తవి వచ్చాక రెండు పక్కలా కలిపి మారుస్తాను. రెండూ ఒకే దారుల్లో తిరిగాయి, కుడిది కూడా ఎన్నాళ్లో ఆగదు. నట్టు తిప్పుతుంటే జాయింటు పిన్ను కూడా తిరిగిపోతోంది, పిన్ను చివర అలెన్ కీ పెట్టి పట్టుకుంటే గాని రాలేదు. ఈసారి అది ముందే దగ్గర పెట్టుకోవాలి. నట్లు కూడా కొత్తవే వేసి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగుతు చూడాలి.