అమ్మకి ఏ రోబో పనికొస్తుంది

రెండో శనివారం కాబట్టి బ్యాంకు లేదు. అమ్మని చెకప్‌కి తీసుకెళ్ళాల్సిన రోజు కూడా ఇదే. తుంటి ఎముకకి ఆపరేషన్ అయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. పగలు అమ్మ దగ్గర ఉండే ఆవిడ బంధువుల పెళ్ళని రెండు రోజులు సెలవు పెట్టింది. ఇంట్లో అమ్మ, నేను, వేసవి సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు బుజ్జిగాడు. అంతే.

పొద్దున ఇడ్లీ తింటూ వాడు అడిగాడు. "మామయ్యా, కథల్లో, సినిమాల్లో ఉన్న రోబోల్లో ఒక్కటి మనింటికి ఇస్తామంటే ఏది తీసుకుంటావ్?"

వాడి దగ్గర దీనికోసం ఒక నోట్‌బుక్కే ఉంది. రోబో పేరు, ఏం చేస్తుంది, పదికి ఎన్ని మార్కులు అని గీతలు గీసి మరీ రాసుకున్నాడు. నాకూ వాడి వయసులోనే ఈ కథల పిచ్చి పట్టింది, ఇంతవరకూ వదల్లేదు. అందుకని కూర్చుని మార్కులన్నీ చూశాను. స్టార్ వార్స్‌లోని ఆర్టూ-డీటూకి 9 వేశాడు. పక్కనే ఉండే సీ-త్రీపీఓకి 4. అది వాగుతూ ఉంటుంది తప్ప ఏమీ చెయ్యదట.

నేను ఒప్పుకోలేదు. 1977లో వచ్చిన మొదటి సినిమాలో చెత్త నలిపే గది గుర్తు చేశాను. లోపల నలుగురు ఇరుక్కుపోతారు, రెండు పక్కల గోడలూ దగ్గరికి వచ్చేస్తుంటాయి. ఆ అంతరిక్ష స్టేషన్ కంప్యూటర్‌కి తన చెయ్యి తగిలించి ఆ మెషిన్ ఆపింది ఆర్టూనే. కాని లోపలివాళ్ళ కేక విని, ఏది ఆపాలో ఆర్టూకి చెప్పిందెవరు? త్రీపీఓ. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి అందించడం చిన్న పని కాదురా అన్నాను. పదకొండేళ్ళుగా బ్యాంకు కౌంటర్లో కూర్చుంటున్నాను. ఫారం ఎలా నింపాలో ఓపిగ్గా చెప్పే మనిషి ఒకరుంటే లైను సగమవుతుంది. వాడు కాసేపు ఆలోచించి 4 కొట్టేసి 6 వేశాడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఇంకో మూడు వారాలు ఆ కాలు మీద పూర్తిగా బరువు ఆనించొద్దన్నారు. తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. రాజమండ్రి మే నెల ఎండ గురించి చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంట్ గుమ్మంలోకి వచ్చాక తెలిసింది, కరెంటు లేదు. జనరేటర్ కూడా స్టార్ట్ కాలేదు. లిఫ్ట్ ఆగిపోయింది. మాది మూడో అంతస్తు.

అరగంట చూశాం. అమ్మ మొహం వాడిపోతోంది. వాచ్‌మన్ లోపల్నుంచి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చాడు. అమ్మని అందులో కూర్చోబెట్టి, నేను పైమెట్టు మీద నిలబడి కుర్చీ వెనక భాగం పట్టుకున్నాను, అతను కింద నుంచి ముందు కాళ్ళు పట్టుకున్నాడు. యాభై నాలుగు మెట్లు. అమ్మ కళ్ళు మూసుకుని ఒక చేత్తో కుర్చీని, ఒక చేత్తో నా మణికట్టుని గట్టిగా పట్టుకుంది. బుజ్జిగాడు వాకరూ ఎక్స్‌రే కవరూ మోసుకుంటూ ముందు నడిచాడు. మొదటి మలుపు దగ్గర నేను కుర్చీని కొంచెం వంచబోయాను. "అటు కాదు సార్, ఎడమ కాలు కదా అమ్మగారికి. కుడి పక్కకి వంచండి" అన్నాడు వాచ్‌మన్. ఏ కాలికి దెబ్బో నేనెప్పుడూ అతనికి చెప్పలేదు. అమ్మని అంబులెన్స్ ఎక్కించిన రోజు చూసి గుర్తుపెట్టుకున్నాడు.

రెండో అంతస్తులో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నాకు రోబో కథల రచయిత అసిమోవ్ గుర్తొచ్చాడు. 1954లో వచ్చిన ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’ నవలలో, రోబోలని మనిషి ఆకారంలోనే ఎందుకు చెయ్యాలి అని డిటెక్టివ్ అడుగుతాడు. మన కార్లు, పనిముట్లు అన్నీ మనిషి ఒంటికి తగ్గట్టు చేసుకున్నవే, వాటన్నిటినీ మళ్ళీ కొత్తగా తయారుచేసుకునే కన్నా రోబోనే మనిషిలా చేస్తే తేలిక అని జవాబు చెప్తాడు అందులోని రోబోల నిపుణుడు. చదివినప్పుడు అది కథ నడవడానికి రాసుకున్న జవాబు అనుకున్నాను. ఇవాళ ఆ మెట్ల మీద నిలబడితే అది ఎంత నిజమో అర్థమైంది. మెట్టు ఎత్తు మన మోకాలిని చూసి కట్టిందే. చక్రాలున్న రోబో ఎంత తెలివైనదైనా కింద వాచ్‌మన్ గది దగ్గరే ఆగిపోతుంది. జపాన్‌లో రికెన్ సంస్థ 2015లో రోబేర్ అని ఎలుగుబంటి మొహం ఉన్న రోబోని చూపించింది. మంచం మీది రోగిని చేతుల్లో ఎత్తుకుని చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంది. దాని బరువే 140 కిలోలు. ఆస్పత్రి నున్నటి నేల మీద బాగానే తిరుగుతుంది. మా మెట్ల మీదికి దాన్ని ఎక్కించాలంటే ముందు దాన్నే మొయ్యాలి.

ఇంట్లోకి రాగానే బుజ్జిగాడు ఇంటర్‌స్టెల్లార్ సినిమాలోని పలకల రోబోలని ముందుకు తెచ్చాడు. నిలువుగా నాలుగు పలకలు అతికించినట్టుంటాయి, మనిషి పోలికే ఉండదు. నీళ్ళ గ్రహం మీద అలలు కొండంత ఎత్తున లేస్తుంటే వాటిలో కేస్ అనే రోబో చక్రంలా గిరగిరా తిరుగుతూ వెళ్ళి అక్కడ చిక్కుకున్న వ్యోమగామిని ఎత్తుకొస్తుంది. "అది మెట్లు కూడా ఎక్కుతుంది మామయ్యా" అన్నాడు. ఎక్కుతుందేమో. కాని కుట్లు వేసిన తుంటిని ఆ ఇనప అంచు మీద ఎలా ఆనించడం? అయితే బేమాక్స్ అన్నాడు వెంటనే. బిగ్ హీరో 6లో గాలి నింపిన తెల్లటి డాక్టరు రోబో అది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో గాలి నింపిన మెత్తటి రోబో చెయ్యి ఒకటి చూశాకే సినిమావాళ్ళకి ఆ ఆలోచన వచ్చింది. మెత్తదనం వరకూ నేను పూర్తిగా ఒప్పుకున్నాను. మనిషిని పట్టుకునే రోబోకి బలం కన్నా ముందు అది ఉండాలి.

మూడింటికి గాని నాకో సంగతి తట్టలేదు. అమ్మ పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తాగలేదు. బల్ల మీద పెట్టిన సీసా పెట్టినట్టే ఉంది. అడిగితే దాహం లేదంది. ఆ ఎండలో తిరిగొచ్చి దాహం లేకపోవడం ఏమిటి? రెండోసారి అడిగాక చెప్పింది. నీళ్ళు తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాలి, వెళ్ళాలంటే నేను పట్టుకోవాలి. "నీ చేత ఈ చాకిరీ చేయించుకోవాల్సి వచ్చింది" అని గోడ వైపు చూసింది.

చాకిరీ అన్న మాట మనసులో గుచ్చుకుంది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతోనే రోబో అన్న మాట లోకానికి తెలిసింది. ఆ మాటని సూచించింది అతని అన్న జోసెఫ్. చెక్ భాషలో రొబోతా అంటే మన వెట్టిచాకిరీయే. దొర పొలంలో కూలి లేకుండా చెయ్యాల్సిన పని. అమ్మ నా పనికి పెట్టిన పేరు, రోబోకి పుట్టుకతో వచ్చిన పేరు ఒకటే. ఇది వెట్టి కాదమ్మా అన్నాను. అంతకన్నా మాటలు రాలేదు. గ్లాసులో నీళ్ళు పోసి ఇస్తే తాగింది.

తర్వాత వాకర్ పట్టించి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగి, "తలుపు దగ్గరగా వేసి అటు తిరిగి నిలబడు" అంది. అటు తిరిగి నిలబడ్డాను. చెయ్యి మాత్రం వెనక్కి చాచి ఉంచాను, ఆవిడ అందుకోవడానికి వీలుగా.

అలా గోడ వైపు చూస్తూ నిలబడ్డప్పుడు 2010లో వచ్చిన శంకర్ ‘రోబో’లోని మంటల సీను కళ్ళ ముందు కదిలింది. చిట్టి కాలిపోతున్న భవనంలోంచి ఎంతోమందిని కాపాడతాడు. స్నానం చేస్తున్న అమ్మాయిని ఉన్నపాటున ఎత్తుకొచ్చి జనం మధ్య దించుతాడు. ఆ అమ్మాయి అవమానం తట్టుకోలేక పరుగెత్తి బండి కింద పడి చనిపోతుంది. చిట్టికి బలం, వేగం, జ్ఞాపకశక్తి అన్నీ ఉన్నాయి. ఒక దుప్పటి కప్పాలని మాత్రం తెలియదు. ఆ సినిమాలో నన్ను ఎక్కువగా కదిలించిన సీను అదే. బుజ్జిగాడు చిట్టికి పదికి పది వేశాడు. ఆ ఒక్క సీను గుర్తుచేసి, ఇప్పుడు అమ్మమ్మ దగ్గరికి పంపిస్తావా అని అడిగాను. వాడు చాలాసేపు పెన్సిల్ నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మార్కులు మార్చలేదు గాని పక్కన ‘అమ్మమ్మకి వద్దు’ అని రాశాడు.

సాయంత్రం కరెంటు వచ్చాక అమ్మ అడిగింది. "నిజం చెప్పు, నేను మళ్ళీ మునుపట్లా నడుస్తానా? గోదావరి గట్టు దాకా వెళ్ళగలనా?"

1941లో అసిమోవ్ రాసిన ‘లయర్!’ కథలో హెర్బీ అని ఒక రోబో ఉంటుంది. దానికి మనుషుల మనసులోది తెలిసిపోతుంది. మనుషులకి హాని చెయ్యకూడదని దానికి కట్టడి. నొప్పించడం కూడా హాని చెయ్యడమే కాబట్టి ఎవరికి ఏం వినాలని ఉందో అదే చెప్తుంది. చివరికి అందరినీ ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. ఇంటర్‌స్టెల్లార్‌లోని టార్స్‌కి నిజాయితీని 90 శాతం దగ్గర పెడతారు, మనుషులతో మసలడానికి నూటికి నూరు పనికిరాదని. ఆ పది శాతం ఎక్కడ తగ్గించాలో, ఎప్పుడు తగ్గించకూడదో తెలియడమే కష్టం. నాకు తెలిసింది చెప్పాను. ఎక్స్‌రే బాగుంది, మూడు వారాల తర్వాత బరువు ఆనించనిస్తారు, ముందు ఇంట్లో, తర్వాత కింద గేటు దాకా. గట్టు సంగతి అప్పుడు డాక్టర్నే అడుగుదాం అన్నాను. అమ్మ తలూపింది. సరిగ్గానే చెప్పానా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

రాత్రి భోజనాలయ్యాక బుజ్జిగాడు నోట్‌బుక్ తీసుకుని అమ్మమ్మ మంచం మీద కూర్చున్నాడు. ఒక్కో రోబో గురించీ చెప్పాడు. నేను ఇంకోటి కలిపాను. 1972 నాటి ‘సైలెంట్ రన్నింగ్’లో అంతరిక్షంలో గాజు గోపురాల కింద అడవులు పెంచుతారు. అక్కడ మాటలు రాని పొట్టి రోబోలు మొక్కల పని చేస్తాయి. కాళ్ళు లేని నటులు ఆ తొడుగుల్లో దూరి, చేతుల మీద నడుస్తూ వాటిని నడిపించారు. చివరికి మనుషులెవరూ మిగలరు. ఒక్క రోబో పాత నీళ్ళ డబ్బా పట్టుకుని ఆ అడవికి నీళ్ళు పోస్తూ ఉంటుంది.

అమ్మ అన్నీ శ్రద్ధగా వింది. "ఆఖర్న చెప్పావే, అది ఎంత ఎత్తుంటుంది?" అంది.

"చిన్నదేనమ్మా, నడుం దాకా కూడా రాదు."

"అది చాలు. బాల్కనీలో మల్లె కుండీకి మొన్నట్నుంచి నీళ్ళు లేవురా. మంచం మీంచి చూస్తూనే ఉన్నాను."

బుజ్జిగాడు నోట్‌బుక్ అక్కడే పడేసి బకెట్టూ మగ్గూ తెచ్చాడు. కుండీలో మట్టి ఎండి అంచుకి దూరంగా జరిగిపోయింది. మొదటి మగ్గు నీళ్ళు ఆ సందులోంచి జారి కింద పళ్ళెంలోకి వచ్చేశాయి. మట్టి కొంచెం గుల్ల చేసి రెండో మగ్గు మెల్లగా పోశాం. లోపల్నుంచి అమ్మ చెప్తూనే ఉంది, మొదట్లో పొయ్యకండి, చుట్టూ పొయ్యండి అని.