తోపుడు బెంచీ: ఏడు మిల్లీమీటర్ల దగ్గర ఆగింది

కూడలి కోసం నేను చేస్తున్న తోపుడు బెంచీకి, నేలకు తగ్గట్టు చక్రాలు వాలేలా పెట్టిన ఊగే ఇరుసు పనిచేసింది. పనిచేసింది కాబట్టే ఒళ్లు మండుతోంది. ఎగుడుదిగుడు పేవర్ల మీద బెంచీ నాలుగు మూలలా బుద్ధిగా ఆనింది, పిడులెత్తి తోస్తే చక్కగా నడిచింది. అంతా అయ్యాక చక్రాల వైపు కొసన ఒక పెద్దాయన కూర్చోగానే అంచు ఏడు మిల్లీమీటర్లు దిగి, అడుగున ఇనుము ఇనుముకు తగిలి ఠక్కుమంది. ఆయన ఉలిక్కిపడి లేచారు. "ఏం బాబూ, ఇది కూర్చోవడానికా, సర్కసుకా?" అన్నారు. "ఇంకా తయారీలోనే ఉంది తాతగారూ" అన్నాను. "అయ్యాక చెప్పు" అని వెళ్లి పాత సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు, అదీ ఎండలో!

ఎండ సంగతి వచ్చింది కాబట్టి, ఈ మధ్యనే చదవడం మొదలుపెట్టినవారి కోసం రెండు మాటలు. విజయవాడలో మా వీధి చివర మూడు దారులు కలిసే చోట పేవర్లు పరిచిన జాగా ఉంది, మధ్యలో నిద్రగన్నేరు చెట్టు. కింద పాతేసిన సిమెంటు బెంచీలు. వేసవిలో పది గంటలకల్లా నీడ వాటిని వదిలి అవతలికి వెళ్లిపోతుంది, మనుషులు నిలబడి మాట్లాడుకుంటారు. నీడ వెంట బెంచీ కూడా నడవాలన్నదే నా పట్టు. నగరాల్లో జనం తీరును పరిశీలించిన అమెరికన్ విలియం వైట్ 1970లలో న్యూయార్క్ కూడళ్లలో కెమెరా పెట్టి చూస్తే, జనం కుర్చీని కాస్త జరిపి మరీ కూర్చునేవారట, జరిపినందువల్ల ఎండానీడల్లో తేడా ఏమీ లేకపోయినా. అదే నగరంలోని బ్రయంట్ పార్కు 1992లో మళ్లీ తెరిచినప్పుడు అక్కడ పాతిన బెంచీలతో సరిపెట్టకుండా విడి కుర్చీలు వేయడానికి వెనక ఈ పరిశీలనే ఉంది.

ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే పోలేదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, మన దేశంలో కదిలే కుర్చీల్లో నీల్‌కమల్ కుర్చీని మించింది లేదు, ఒంటి చేత్తో ఎత్తొచ్చు, వానకు చెక్కుచెదరదు. కానీ దానితో ఆట లేదు. పైగా తెల్లారేసరికి అక్కడ ఉండదు.

కూడలికి చేస్తున్న మిగతా వస్తువుల సంగతి ముందే చెప్పేస్తాను: కేబుల్ డ్రమ్ము బల్ల దొర్లుతోంది, పిల్లలకు తెగ నచ్చింది. బొంగరం స్టూలు సరిగ్గా తిరుగుతోంది. రాత్రిపూట గొలుసు వేయడానికి ఫ్రేముకు కొక్కెం పెట్టాను.

ఇక బెంచీ. కూర్చునే పలక పొడవు 1500 మి.మీ., వెడల్పు 420, ఎత్తు 450. ఫ్రేము 40×40×2 చదరపు గొట్టం, మీటరుకు దాదాపు 2.4 కిలోలు. పైన టేకు బద్దలు. మొత్తం 33 కిలోలు. ఒక కొసన చక్రాలు, రెండో కొసన కాళ్లు, కాళ్ల వైపే బయటికి వచ్చే రెండు పిడులు. పిడులెత్తితే చేతుల మీద పడేది 12 కిలోలే, పదేళ్ల పిల్లలిద్దరు కలిసి తోసుకుపోగలరు. ఇందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మొదటి రూపానికి నడిమి గీత మీద ఒకే చక్రం ఉండేది. కావాలనే అలా పెట్టాను. మూడు చోట్ల ఆనే వస్తువు ఎంత గతుకుల నేల మీదైనా గడగడలాడదు. మా కూడలి నేల సంగతి తెలిసే ఆ నిర్ణయం: మేస్త్రీ దగ్గర మీటరు పొడవు అల్యూమినియం బద్ద తీసుకుని పేవర్ల మీద పరిచి, దాని కింద ఏ సైజు డ్రిల్ బిట్టు దూరుతుందో చూసుకుంటూ పోయాను. చాలా చోట్ల 3 దూరింది, చెట్టు వేళ్లు లేపిన చోట 7, మ్యాన్‌హోల్ పక్కన 9.

కానీ మూడు చోట్ల ఆనితే ఆధారం త్రికోణం. కాళ్ల మధ్య 380 మి.మీ. వెడల్పు, అక్కడి నుంచి 1300 మి.మీ. దూరంలోని చక్రం దగ్గర సున్నా. 60 కిలోల మనిషి చక్రానికి 200 మి.మీ. ఇవతల, నడిమి గీతకు 80 మి.మీ. ముందుకు కూర్చుంటే, మనిషిదీ బెంచీదీ కలిపి బరువు కేంద్రం నడిమి గీతకు 52 మి.మీ. దూరాన పడుతుంది. అక్కడ త్రికోణం సగం వెడల్పు 53. అంటే ఒక్క మిల్లీమీటరు మీద కూర్చున్నట్టు. లేచేటప్పుడు ఎవరైనా అంచుకు జరిగి, కాళ్లు వెనక్కి తీసుకుని లేస్తారు కదా, అప్పుడు మనిషి బరువు నడిమి గీతకు 150 మి.మీ. ముందుకు చేరితే ఆ 52 కాస్తా 97కి పోతుంది. అందుకే కూర్చున్నంతసేపూ బాగానే ఉండి, లేవబోతే వాలేది. సిమెంటు నేల ఉన్న మా షెడ్డులో నేను నడిమినే కూర్చుని పరీక్షించేవాణ్ణి కాబట్టి ఇది కూడలిలోనే బయటపడింది.

రెండో రూపంలో 340 మి.మీ. ఎడంతో రెండు చక్రాలు. వాలడం పోయింది, గడగడ వచ్చింది. చెట్టు దగ్గర పెడితే ఒక మూల 7 మి.మీ. గాలిలో ఉండేది. జనం మడిచిన అట్టముక్కలు దోపారు. అట్టముక్క దోపాక ఆ బెంచీని ఇక ఎవరూ కదపరు. కదిలే బెంచీ చేసి ఏం లాభం?

మూడోది ట్రాక్టరు ముందు ఇరుసు పద్ధతి. ఇరుసు మొత్తం నడిమిలో ఒక 16 మి.మీ. బోల్టు మీద ఊగుతుంది, ఒక చక్రం పైకి లేస్తే రెండోది దిగుతుంది. ఇరుసు మరీ వాలిపోకుండా రెండు పక్కలా ఆపుడు పట్టీలు. 9 మి.మీ. పల్లానికి 340 మీద ఒకటిన్నర డిగ్రీ చాలు, నేను రెండు డిగ్రీలు ఇచ్చాను. బోల్టుకు 120 మి.మీ. దూరాన ఉన్న పట్టీ దగ్గర అది 4 మి.మీ. సందు. పలక అంచు దగ్గర అదే 7 మి.మీ. దిగుడు. పెద్దాయన్ని లేపిన ఏడు మిల్లీమీటర్లు ఇవే.

ఇప్పుడు బాధంతా ఇదే: ఆ సందు ఉంటేనే చక్రాలు నేలను వెతుక్కుంటాయి, ఆ సందు ఉంటేనే మనిషి కింద బెంచీ దిగుతుంది. సందులో లారీ టైరు ముక్క దోపితే చప్పుడు పోయింది, దానితో ఊగడమూ పోయి మళ్లీ అట్టముక్కల కాలానికి వచ్చాను. సైకిలు ట్యూబు మడతలు పెడితే ఠక్కు కాస్తా ధబ్బు అయింది, ఎండకు మెత్తబడి అణిగిపోయాక మళ్లీ ఠక్కే. బోల్టు దగ్గర లారీ కమాను పట్టీలకు వేసే రబ్బరు బుష్ బిగించి చూశాను. చాలా బిర్రు. బెంచీ బరువుకు అది చలించనే లేదు.

ఆ తరువాత నైలాన్ వాషర్లు వేసి నట్టు బిగించి, రాపిడితో ఇరుసు నెమ్మదిగా తిరిగేలా చేద్దామనుకున్నాను. కాగితం మీద లెక్క వేస్తే ఇది ఎన్నటికీ కుదరదని తేలింది. బెంచీ దించినప్పుడు ఇరుసును తిప్పే బలం దాని సొంత బరువే: చక్రాల వైపు వాటా 16.5 కిలోలు, బోల్టు నుంచి చక్రానికి 17 సెం.మీ. చేయి, అంటే 280 కిలో-సెం.మీ. మనిషి కూర్చుంటే తిప్పే బలం 60 కిలోలు ఎనిమిది సెంటీమీటర్ల మీద, 480. వెనక కాళ్లు కొంత పట్టినా పెద్ద తేడా ఏమీ రాదు. 480ని ఆపేంత బిగిస్తే 280కి తిరగదు, 280కి తిరిగేలా వదిలితే 480కి ఆగదు. నట్టు ఎంత తిప్పినా చిన్నదాన్ని ఆపి పెద్దదాన్ని వదలడమే తప్ప వేరే దారి లేదు. నాకు కావలసింది సరిగ్గా దానికి ఎదురు.

కాబట్టి బిగింపు ఎప్పుడూ ఉండకూడదు, మనిషి కూర్చున్నప్పుడే పట్టాలి. గ్రంథాలయాల్లో చక్రాల మెట్టు స్టూలు చూసే ఉంటారు: కాలితో తంతే జరుగుతుంది, ఎక్కి నిలబడితే స్ప్రింగులు అణిగి అడుగు అంచు నేలకు ఆనుతుంది, ఇక కదలదు. బరువే తాళం. పలకకూ ఇరుసు దూలానికీ మధ్య స్ప్రింగులు పెట్టి, ఒక 20 కిలోలు దాటాక పలక 3 మి.మీ. దిగి బ్రేకు లైనింగును (బ్రేకు షూ మీద ఉండే రాపిడి పొరను) ఇరుసు మీద అదిమేలా చేయాలని ఇప్పటి ఆలోచన. చక్రాల కొసన కూర్చున్న 60 కిలోల మనిషిలో దాదాపు 51 కిలోలు ఆ వైపే పడతాయి, బెంచీ వాటా కలిపి స్ప్రింగుల 20 తీసేస్తే 47. లైనింగు రాపిడి 0.4, అంటే అదిమిన బలంలో నలభై శాతం అనుకుంటే, 12 సెం.మీ. దగ్గర వచ్చేది 226. కావలసిన 480లో సగం కూడా లేదు. లీవరు వేసి అదుమును రెండున్నర రెట్లు చేస్తే 560 దాటుతుంది. వానలో తడిస్తే రాపిడి పడిపోతుంది, దానికి పైన రేకు మూత పెట్టాలి.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 25 కిలోల పిల్ల కూర్చుంటే బ్రేకు సరిగా పట్టదు, బెంచీ కాస్త ఊగుతుంది. ఊగనీ! కుర్రకారు ఆ ఠక్కు కోసమే అటూ ఇటూ జరుగుతూ కూర్చున్నారు ఆ రోజు. పెద్దలకు కదలని బెంచీ, పిల్లలకు ఊగే బెంచీ, రెండూ ఒకటే అయితే అంతకన్నా ఏం కావాలి? బ్రిటిష్ డిజైనర్ హెదర్‌విక్ చేసిన బొంగరం కుర్చీని అందరూ మెచ్చుకుంటారు, నేనూ దాన్ని చూసే స్టూలు చేశాను, కానీ అది ఒక్కరి ఆట. కూడలిలో ఒకరు కదిలితే పక్కవారికి తెలియాలి.

చక్రాల గురించి ఒక మాట. పేరూ ఊరూ లేని నల్ల కాస్టర్లు కొనకండి, పేవరు సందుల్లో పడి ముందు బేరింగు పోతుంది, తరువాత మీ ఓపిక. 200 మి.మీ. గట్టి రబ్బరు చక్రానికి సందులు లెక్కలోకే రావు. గాలి చక్రం ఇంకా మెత్తగా నడుస్తుంది గానీ, దానికి గాలి ఎవరు కొడతారు? వెల్డింగుకు ఈసాబ్ 6013 రాడ్లే, 2 మి.మీ. గొట్టానికి కన్నం పడకుండా అంటుకునేవి నాకు ఇంతవరకు అవే దొరికాయి.

ఆదివారం చేర్చినది: ఆటోనగర్‌లో పాత మోపెడ్ బ్రేకు షూలు ఒక జత దొరికాయి. కొట్టు పెద్దాయన బెంచీకి అని వినగానే నవ్వి, "రివిట్లవి వద్దు సార్, అంటించినవి తీసుకోండి, రివిట్లు ఇరుసును గీకేస్తాయి" అని తనే వెతికి ఇచ్చారు. లైనింగు ఇంకా 3 మి.మీ. ఉంది. షూ వంపు తీసేసి లైనింగును చదును పట్టీకి ఎపాక్సీతో అంటించాలా, లేక బ్రేకు డ్రమ్ముతో సహా బోల్టు చుట్టూ బిగించాలా అన్నది తేలలేదు. డ్రమ్మైతే వాన బాధ ఉండదు, కానీ లోపలి వ్యాసార్థం 5 సెం.మీ.కు మించదు, అప్పుడు లీవరు ఆరు రెట్లు కావాలి, 3 మి.మీ. దిగుడులో ఆరు రెట్ల లీవరు షూను అర మిల్లీమీటరే కదుపుతుంది. ముందు చదును పట్టీతోనే చేసి, మ్యాన్‌హోల్ పక్కన 9 మి.మీ. పల్లంలో పెట్టి చూస్తాను. స్ప్రింగులకు కొలతలు ఇచ్చి వచ్చాను, గురువారం ఇస్తామన్నారు.