బొమ్మ డబ్బాలకు ఏ ప్లాస్టిక్ మంచిది?
చౌరస్తా దగ్గర స్పైరల్ బైండింగ్ చేసే షాపుల నిన్న చాలాసేపు నిలబడ్డ. డబ్బా విప్పకుండా దాచుకున్న హాట్ వీల్స్ బొమ్మ కార్లకు ఇంట్లనే కవర్లు చేద్దామని. "అన్నా, ఇది పీవీసీనా, పెట్ షీటా?" అంటే ఆయన ఆ రెండు రకాల ప్లాస్టిక్ షీట్లు చేతుల పెట్టి "రెండూ అద్దం లెక్కనే ఉంటయి, చూస్కో తమ్మీ" అన్నడు.

చూపుకు నిజంగనే తేడా తెల్వదు, ఏండ్లు గడిస్తెనే తెలుస్తది. మెత్తటి పీవీసీల మెత్తదనం కోసం కలిపే రసాయనాలు, అంటే ప్లాస్టిసైజర్లు, మెల్లగ బయటికొచ్చి జిగటగ అయితయి, డబ్బా మీది రంగులను పట్టుకుంటయి. పాతబడితే పసుపెక్కి, ఆమ్లం కూడా వదుల్తది. నాణేల ఆల్బమ్‌లల్ల నాణేలకు పట్టే పచ్చటి జిగురు ఈ పీవీసీ పనే. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన వరంగల్‌ల ఇదంతా ఇంకా తొందరగ అయితది.

పెట్‌కు ఆ ప్లాస్టిసైజర్ల అవసరమే లేదు. నీళ్ల సీసాలు చేసేది దీంతోనే. సీసా మీద త్రికోణంల 1 ఉంటది, పీవీసీకైతే 3. విడి షీటు మీద అంకె ఉండదు, అందుకే ప్యాకెట్ లేబుల్ అడిగి మరీ చూసిన.

పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్ కూడా మంచిదే, ఎన్నిసార్లు మడిచినా పగలదు. కాకపోతే కొంచెం మసక. కారు సాఫ్‌గ కనపడకుంటే నాకు మనసొప్పదు.

0.3 మి.మీ. పెట్ తెచ్చిన. 0.5 ఇంకా గట్టిది గాని చేత్తోని మడవడం కష్టం. మడత గీత మీద స్కేలు పెట్టి, మొద్దు మొనతోని నొక్కి గీసినంక వంచితే అంచు సాఫ్‌గ వస్తది. జిగురు వద్దు, లోపలికి దోపే ట్యాబులు చాలు. మామూలు షీటు ఎండను పూర్తిగ ఆపదు కాబట్టి అల్మారాను కిటికీకి దూరం జరిపిన.