సైకిల్ ట్యూబు వైద్యం

బాబాయిది అంబాజీపేటలో కొబ్బరికాయల ఒలుపు పని. నేలలో పాతిన గునపానికి కాయను గుచ్చి తిప్పీ తిప్పీ, ముప్ఫై ఏళ్లకు కుడి భుజం మొరాయించింది. చొక్కా తొడుక్కోవాలన్నా పిన్ని సాయం కావాలి. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి భుజం ఎముక అంచు చెక్కాలన్నారు. డబ్బు సర్దుకునే పనిలో పడ్డాం.

అమలాపురంలో ఇంకో ఎముకల డాక్టరు గారు స్కాన్ చూసి, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తెగలేదన్నారు. 2018లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన గురించి అప్పుడే చెప్పారు. ఇలాంటి నొప్పి ఉన్న 313 మందిని మూడు గుంపులు చేశారట. కొందరికి ఎముక చెక్కారు, కొందరికి కెమెరా పెట్టి చూసి ఊరుకున్నారు (వాళ్ల అనుమతితోనే లెండి!), మిగతావారికి ఏ చికిత్సా లేదు. అసలు ఆపరేషన్‌కూ ఉత్తుత్తి దానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. టెండన్ పూర్తిగా తెగినవారి సంగతి వేరు.

దాంతో ఆపరేషన్ మాట పక్కనపెట్టి, బాబాయి మూడు నెలలుగా వసారా స్తంభానికి పాత సైకిల్ ట్యూబు కట్టి, మోచేయి నడుముకు ఆనించి, పూటకు పదిహేను సార్లు లాగుతున్నాడు. "ఇదేమి వైద్యంరా, ఇల్లు పంక్చర్ షాపులా ఉంది" అని మొదట్లో ఒకటే విసుగు. నిన్న అటక మీది ఆవకాయ జాడీ తనే దించాడు. గునపాన్ని మాత్రం పిన్ని ఇంకా దాచే ఉంచింది.