వరండా రాక్ డైరీ: బొమ్మల పుస్తకాలు, సాహస కథలు, ఎండాకాలం నుంచి దసరా దాకా

ఏప్రిల్ చివరి వారం

మా కాలనీ పిల్లలు వచ్చి చదువుకునే పుస్తకాల కోసం వరండాలోకి ఇనుప రాక్ తెచ్చాను. చెక్కది ఇంకా చవకగా దొరికేదే గానీ చెదల భయానికి వద్దనుకున్నా. అయిదు అరలున్నా వాడేది మూడే. పైది పిల్లలకు అందదు. కిందిది కావాలనే ఖాళీగా వదిలాను. 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఇళ్ళలో ముందు మునిగినవి కింది అరలే మరి.

నడుమ అరలో పుస్తకాలను అట్ట కనబడేలా నిలబెట్టి, పడిపోకుండా ముందు ఒక నైలాన్ తాడు కట్టాను. వరుసగా పేర్చి పెడితే పెద్దవాళ్ళు మెడ వంచి పేర్లు చదువుకుంటారు. పిల్లలకు అంత ఓపిక ఎక్కడిది, అట్ట మీద బొమ్మ చూసి చెయ్యి పెడతారు. అందుకని వారానికోసారి ముందున్నవి వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తున్నా. వెనకున్నప్పుడు ఎవరూ ముట్టని పుస్తకం ముందుకొచ్చిన పూటే ఇద్దరు దాని కోసం కొట్టుకున్నారు.

ప్రస్తుతానికి ఉన్న సరుకు ఇది: మంచి పుస్తకం వాళ్ళ చిన్న పుస్తకాలు (వంద రూపాయల లోపు దొరికేవి చాలా ఉన్నాయి), నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం నుంచి కొన్ని, చెన్నై తూలికా వాళ్ళ తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన ఉండే బొమ్మల పుస్తకాలు, మా నాన్న బైండు చేయించిన పాత చందమామలు, అట్టలూడిన సోవియట్ పుస్తకాలు.

మే

మా కాలనీ పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు. చదవమంటే మాత్రం కూడబలుక్కుంటారు. తెలంగాణ 2018 చట్టంతో అన్ని స్కూళ్ళలో తెలుగు తప్పనిసరి అయింది గానీ, అది రోజుకు ఒక పీరియడ్ మాటే. 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. అయిదో తరగతి పిల్లాడికి సముద్రపు దొంగల కథ కావాలి, కానీ తెలుగులో వాడు చదివే వేగం రెండో తరగతిది. సులువైన పుస్తకం ఇస్తే "ఇది చిన్నపిల్లలది పెద్దమ్మా" అని పెట్టేస్తాడు. వయసుకు తగ్గది ఇస్తే రెండో పేజీలోనే పుస్తకం మూస్తాడు. పుస్తకాలు కొనమని అడిగే తల్లిదండ్రులు "మావాడికి తొమ్మిదేళ్ళు, ఏది తేవాలి" అంటారు. తొమ్మిదేళ్ళన్న ఒక్క ముక్కతో నేనేం చెప్పలేను. తెలుగులో ఒక పేజీ ఎంతసేపట్లో చదువుతాడో చూసి రమ్మంటున్నా.

ప్రథమ్ బుక్స్ వాళ్ళు ఈ పని కొంత తేలిక చేశారు. వాళ్ళ పుస్తకాల మీద ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి వేసి ఉంటుంది. అప్పుడే చదవడం మొదలుపెట్టేవాళ్ళకు ఒకటి, గడగడా చదివేవాళ్ళకు నాలుగు. మా దగ్గర ఆరో తరగతి వాళ్ళలో కూడా చాలామందికి రెండో స్థాయే సరిపోతోంది. ఆ అంకె మీద కాగితం అంటించేశాను. కనబడితే వెక్కిరించుకుంటారు.

చివరికి కుదిరిన పద్ధతి: పెద్ద కథ చెవికి, చిన్న పుస్తకం కంటికి. పొద్దున పదిన్నరకు నేను గట్టిగా చదివేది సాహస కథ, రోజుకు ఇరవై నిమిషాలు. ఇంటికి తీసుకుపోయేది బొమ్మల పుస్తకం.

చెవికి మొదట పెట్టింది నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన కాంచన ద్వీపం (ట్రెజర్ ఐలాండ్). స్టీవెన్సన్ దీన్ని 1881-82లో ఒక పిల్లల పత్రికకు సీరియల్‌గా రాశాడు, పుస్తకంగా వచ్చింది 1883లో. సీరియల్‌గా పుట్టింది కాబట్టే కాబోలు, ఎక్కడ ఆపినా పిల్లలు లేవరు. ఓడ తాళ్ళూ తెరచాపల వర్ణన వచ్చిన చోట రెండేసి పేరాలు దాటేశాను. ద్వీపం మ్యాపు మాత్రం చార్టు మీద పెద్దగా గీసి గోడకు అంటించాను. చదువుతున్నప్పుడు ఎవరో ఒకరు లేచి వెళ్ళి "ఇప్పుడు ఇక్కడున్నరు" అని వేలు పెట్టి చూపించాలి. వంతుల కోసం కొట్లాట.

గుడ్డివాడు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి నల్ల మచ్చ కాగితం (దొంగల బెదిరింపు) చేతిలో పెట్టి పోయే ఘట్టం చదివిన మర్నాడు కాలనీ అంతా నల్ల మచ్చలే. స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, కాగితం మడిచి గేటు సందుల్లోంచి వేసిపోయారు. మా అత్తమ్మకూ ఒకటి అందింది. "ఎవర్రా ఇది, నన్ను బెదిరించేది" అని ఆవిడ కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి గోడ అవతల ఒకటే నవ్వులు.

కథలో కుర్రాడు జిమ్ ఆపిల్ పీపాలో నక్కి దొంగల కుట్ర వినే చోట పుస్తకం మూసి, రెండు రోజులు చదవనన్నాను. ఊరికి పోవాల్సి వచ్చింది నిజమే, కానీ ఇంకా మంచి చోట ఆపలేనని కూడా తెలుసు. ఏడో తరగతి అమ్మాయి "నేను తీస్కపోతా, నేనే చదువుకుంటా" అంది. నేను తిరిగొచ్చేలోపు పదకొండు పేజీలు ముందుకు పోయింది. ఎందుకో అర్థమైంది: మనుషులు తెలుసు, గొంతులు తెలుసు, ఏం జరుగుతుందోనన్న ఆత్రం ఉంది. ఇక మిగిలింది అక్షరాల పనే. అప్పటి నుంచి చదివే ప్రతి పెద్ద కథనూ ఇలాంటి ఒక ముడి దగ్గర ఆపి, పుస్తకాన్ని కావాలనే బల్ల మీద వదిలేస్తున్నా.

టామ్ సాయర్‌ను తెలుగు చేసింది కూడా నండూరి వారే. గోడకు సున్నం వేయించే ఘట్టం ఎవరికైనా చదవొచ్చు. శ్మశానంలో హత్య జరిగే అధ్యాయం ఉన్న రోజు ఒకటో తరగతి వాళ్ళను ముందే పంపించేశాను.

జూన్

బడులు తెరిచారు. ఇక ఆదివారం ఒక్కపూటే. వారానికోసారికి చందమామ సీరియల్‌ను మించింది లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి మాయాసరోవరం మొదలుపెట్టాను. జయశీలుడు, సిద్ధసాధకుడు పరిచయమైన పూటే మావాళ్ళు వేషాలు పంచేసుకున్నారు. ప్రతి భాగం ఆపదలో ఆగుతుంది, మనం ఎక్కడ ఆపాలో వెతుక్కునే పని లేదు. చిత్రా గారి బొమ్మలు చూపించడానికి మాత్రం పుస్తకం అందరి మధ్యా తిప్పకండి. పాత కాగితం పెళుసు, మూల పట్టుకుంటే విరుగుతుంది. ఫోన్‌తో ఫొటో తీసి చూపిస్తున్నా. ఇంకో మాట, మొదలుపెట్టే ముందే అన్ని భాగాలూ ఉన్నాయో లేదో చూసుకోండి. నడుమ ఒక నెల సంచిక లేకపోతే ఆ ఆదివారం మీ మొహం మీరే చూసుకోవాలి.

చదివేటప్పుడు వాక్యాలను అక్కడక్కడా మన మాట తీరుకు తిప్పుతాను, ముఖ్యంగా మాటామంతీ వచ్చిన చోట. పుస్తకం చేతికిచ్చినప్పుడు ఎలాగూ అచ్చులో ఉన్నది చదువుకుంటారు.

చిన్నవాళ్ళకు, కాస్త నెమ్మది కథ కావాలన్నవాళ్ళకు సోవియట్ రచయిత గైదార్ రాసిన చుక్, గెక్ అన్నదమ్ముల కథ ఇస్తున్నా. తండ్రి దగ్గరకు వెళ్ళడానికి తల్లితో రైలెక్కి మంచు అడవిలోకి పోయే ఇద్దరు పిల్లలు. అంతకు ముందే టెలిగ్రాం ఒకటి వాళ్ళ కొట్లాటలో కిటికీలోంచి పోతుంది, అమ్మకు చెప్పరు. ఆ రహస్యం ఒక్కటి చాలు, మా పిల్లలు కథంతా ఊపిరి బిగబట్టి విన్నారు. కాజీపేట జంక్షన్ పక్కన పెరిగిన పిల్లలకు రైలు ప్రయాణం గురించి కొత్తగా చెప్పాల్సింది కూడా ఏమీ లేదు.

బొమ్మల పుస్తకం దగ్గర నాకు అత్తమ్మ గురువైంది. ఆవిడ పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ, చేనేత కుటుంబం. చిన్నప్పుడు పటం చూపించి కథ చెప్పే కూనపులి వాళ్ళు వచ్చి చేర్యాల పటం మీద మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళట. గజాలకొద్దీ గుడ్డ, ఎర్రటి నేల మీద వరుసగా బొమ్మలు. "పటం మొత్తం ఒక్కపారి చూపియ్యరు. కథ ఎంత దాకా వచ్చిందో అంతే ఇప్పుతరు. కింద చుట్ట లోపల ఏముందో అని మేం కూసునేది" అంది.

పుస్తకానికి చుట్ట ఉండదు కదా. పేజీ సైజులో ఒక నల్ల చార్టు ముక్క కత్తిరించాను. ఎడమ పేజీ చూస్తున్నంతసేపు కుడి పేజీ దాని వెనక ఉంటుంది. మొదటిసారి ఒక్క ముక్క కూడా చదవకుండా బొమ్మలు మాత్రమే చూపిస్తాను, "తర్వాత ఏమైతది" అని అడుగుతాను. రెండోసారే చదవడం. ఒక పుస్తకంలో రాతలో ఎక్కడా లేని పిల్లి ప్రతి పేజీ మూలన ఉంది. నేను ఎన్నిసార్లో తిరగేసినా చూడలేదు, ఇంకా అక్షరాలు రాని నాలుగేళ్ళది పట్టేసింది. ఆ రోజు నుంచి ఆరో తరగతి వాళ్ళు కూడా దాని పక్కన కూర్చుని బొమ్మలు వెతుకుతున్నారు. బొమ్మల పుస్తకం చిన్నపిల్లలదన్న మాట ఆ తర్వాత పెద్దగా వినబడలేదు.

కూర్చునే తీరు: నా వెనక గోడ, పిల్లల వెనక వెలుతురు. కిటికీకి వీపు పెట్టి పుస్తకం ఎత్తితే పేజీ నల్లగా కనబడుతుంది. చిన్న సైజు పుస్తకం ఏడెనిమిది మందికి మించి కనబడదు. అంతకంటే ఎక్కువమంది వస్తే రెండు జట్లు. టీవీకి కలిపి చూపించమని ఒకాయన సలహా ఇచ్చారు. పేజీ తిప్పే పని వంతులవారీగా పిల్లలదే కాబట్టి అది నాకు నచ్చలేదు.

జులై, ఆగస్టు

వానలు. రాక్‌ను గోడ నుంచి జానెడు ముందుకు జరిపాను, లేకపోతే చెమ్మ నేరుగా అట్టలకే. కలరా ఉండలు పెట్టొద్దు, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. ఎండిన వేపాకు పాత పంచె ముక్కలో మూటగట్టి అరకొకటి పెట్టాను.

తడిసిన పుస్తకం ఒకటి పిట్టగోడ మీద ఆరబెడితే కోతి ఎత్తుకుపోయింది. వాటర్ ట్యాంకు మీద కూర్చుని, అచ్చం మా పిల్లల్లాగే ఒక్కో పేజీ తిప్పి చూసి, ఆ తర్వాత చింపింది. పిల్లలకు ఆ వారం సీరియల్ కంటే అదే పెద్ద కథ. ఇప్పుడు ఆరబెట్టడం ఇంట్లోనే, ఫ్యాను కింద, పేజీల మధ్య న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, వాటిని గంటకోసారి మారుస్తూ.

రిపేరు గురించి కొంచెం వివరంగా రాస్తా, చాలామంది అడిగారు. సెల్లో టేపు వాడకండి. ఏడాదికే పసుపు తిరిగి, జిగురు మిగిల్చి ఊడిపోతుంది. చిరిగిన చోట పలచటి తెల్ల కాగితం పట్టీగా కోసి, ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్ళు కలిపి అంటిస్తే అక్షరాలు కూడా కనబడతాయి. సన్న పుస్తకాలకు నడుమ ఉండే పిన్నులు వానాకాలం తుప్పు పడతాయి, వాటి చుట్టూ కాగితం కొరుక్కుపోతుంది. పిన్నులు పీకేసి దారంతో కుట్టేయండి. మడత మీద మూడు చిల్లులు: నడుమ ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. లోపలి వైపు నుంచి సూది నడుమ చిల్లులో బయటికి, పై చిల్లులోంచి లోపలికి, లోపల నుంచి కింది చిల్లులో బయటికి, మళ్ళీ నడుమ చిల్లులోంచి లోపలికి. దారం రెండు కొసలు నడుమ పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి వచ్చేలా చూసి ముడి వేయాలి. బొంతలు కుట్టే లావు దారం బాగుంటుంది. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు నాకంటే చక్కగా కుడుతున్నాడు, ఆ డిపార్టుమెంటు వాడికే ఇచ్చేశా.

సెప్టెంబరు

ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో కథలు ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవడానికి కూడా అనుమతి ఉంటుంది, రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు ఉన్న పేజీ తీసేయకూడదు. జిరాక్స్ షాపులో "బుక్‌లెట్" అని అడగాలి. ఏ4 అడ్డంగా, రెండు వైపులా, ఒక కాగితానికి నాలుగు పేజీలు. కథ పేజీలు నాలుగుతో భాగించబడకపోతే చివర ఖాళీ పేజీలు వస్తాయి. వాటి మీద పిల్లలు తమ బొమ్మ వేసుకుంటున్నారు. కలర్ ప్రింటు ఖరీదెక్కువ. గీతల బొమ్మలున్న కథలు ఎంచుకుని నలుపు తెలుపులో తీస్తే నడుస్తుంది. రంగుల మీదే ఆధారపడ్డ కథను నలుపు తెలుపులో తీయడం మాత్రం దండగ.

దసరా సెలవులు

బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం ఎవరూ దొరకరు, అందుకని పొద్దున పెట్టుకున్నాం. ఈసారి పని పుస్తకం తయారీ. ఒక్క ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్ళు వచ్చేలా మడిచి, నడుమ మడత మీద మధ్య రెండు గళ్ళ మేర కోసి, మళ్ళీ మడిస్తే ఎనిమిది పేజీల బుజ్జి పుస్తకం. కుట్టు అక్కర్లేదు. కథకు షరతు ఒకటే, మన చుట్టుపక్కలే జరగాలి. లక్నవరం వేలాడే వంతెన మీద తప్పిపోయిన చెల్లి, పాకాల చెరువులో మొసలి, రామప్ప గుడి మీది నీళ్ళలో తేలే ఇటుకలను పడవగా కట్టుకుని పారిపోయే రాజకుమారుడు. ఆ ఇటుకలు నిజంగానే తేలతాయని తెలిసి ఇద్దరు ఆ గుడి ఉన్న పాలంపేట పోదామని గొడవ చేస్తున్నారు. ఈ బుజ్జి పుస్తకాలకు నడుమ అరలో చోటిచ్చాను. అచ్చు పుస్తకాలకంటే ఇవే ఎక్కువ బయటికి పోతున్నాయి. కొన్ని తిరిగి రావడం లేదు కూడా.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఉంటుంది. పొద్దున రైలుకు కాజీపేటలో ఎక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు. కొనాల్సినవి రాసుకున్నాను: కాంచన ద్వీపం ఇంకో కాపీ (ఉన్నది ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటోంది), మాటలే లేని బొమ్మల పుస్తకాలు దొరికినన్ని, రెండో స్థాయి పుస్తకాల్లో అడవి, ప్రయాణం, దొంగలు ఉన్నవి. పిల్లలను అడిగితే దయ్యాలవి తెమ్మన్నారు. అత్తమ్మ కూడా అదే అంది.